తొలి టెంట్: బరువు తక్కువ ఉండాలి, ధర అందుబాటులో ఉండాలి

కొత్తబాటసారి:
అందరికీ నమస్కారం. ఇప్పటిదాకా పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే ట్రెక్కులే చేశాను. ఇక సామాను వీపున వేసుకుని రెండు మూడు రాత్రులు బయటే ఉండేలా నడవాలని ఉంది. బ్యాక్‌ప్యాక్, స్లీపింగ్ బ్యాగ్, మ్యాట్ సమకూరాయి. టెంట్ దగ్గర ఆగిపోయాను.

ఎక్కువగా ఒక్కడినే వెళ్తాను. అప్పుడప్పుడు తమ్ముడు వస్తానంటున్నాడు. నా ఎత్తు 180 సెం.మీ. మంచులో పడుకునే ఉద్దేశం లేదు, వాన మాత్రం తప్పదు. పేరున్న అల్ట్రాలైట్ (మరీ తేలికైన సామాను) కంపెనీల ధరలు చూసి ఆ పేజీలు మూసేశాను.

చూసినవాటిలో మూడు రకాలు మిగిలాయి. ఒకటి రెండున్నర కిలోల పైన ఉండే మామూలు డోమ్ (సొంత కడ్డీల మీద గుమ్మటంలా నిలబడేది), అన్నిటికంటే చవక. ఇంకొకటి నేచర్‌హైక్ కంపెనీ క్లౌడ్ అప్ 2 లాంటిది, సొంత కడ్డీలున్నదే కానీ తేలిక. మూడోది ట్రెక్కింగ్ పోల్స్ (నడిచేటప్పుడు పట్టుకునే ఊతకర్రలు) మీద నిలబెట్టే లాన్‌షాన్ లాంటిది, దానికి కిలో చిల్లర బరువే రాశారు. ఇక 20డి, 210టి, 3000 మి.మీ. అని ఏవేవో అంకెలు. చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది తప్ప ఏదీ తేలడం లేదు.

తేలికమూట:
స్వాగతం తమ్ముడూ. మూడో రకం, కళ్లు మూసుకుని తీసుకో. టెంట్‌లో బాగా బరువు తూగేవాటిలో కడ్డీలు ఒకటి, ఖర్చూ వాటి మీద బాగానే పడుతుంది. చేతిలో ఉన్న ట్రెక్కింగ్ పోల్సే ఆ పని చేస్తే రెండూ తగ్గుతాయి. అదే బరువు డోమ్‌లో రావాలంటే గుడ్డ పల్చబడాలి, కడ్డీలు సన్నబడాలి, అప్పుడు నువ్వు మూసేసిన ఆ పేజీలే మళ్లీ తెరవాలి.

రాళ్లబాట:
"కళ్లు మూసుకుని" అన్న దగ్గరే నా అభ్యంతరం. @కొత్తబాటసారి, ముందు రెండు సంగతులు చెప్పు. నడిచేటప్పుడు ట్రెక్కింగ్ పోల్స్ నిజంగా వాడతావా? నువ్వు పడుకోబోయే నేల ఎలాంటిది?

పోల్స్ అలవాటు లేనివాడు ఈ టెంట్ కోసమే ఒక జత కొంటే 400 నుంచి 500 గ్రాములు చేతిలోకి వచ్చినట్టే. ఖర్చు వేరే. ఇక నేల. ఈ రకం టెంట్లకు మేకులే ఆధారం. మేకు దిగకపోతే నీ దగ్గర ఉన్నది టెంట్ కాదు, గుడ్డ. రాతి పలకల మీద, చెక్క అరుగుల మీద, వదులు ఇసుకలో నానా తంటాలు పడాలి. డోమ్ అయితే ఎక్కడైనా నిలబడుతుంది, నిలబెట్టాక ఎత్తి నాలుగడుగులు పక్కకు జరుపుకోవచ్చు, పొద్దున తలకిందులు చేసి చెత్త దులుపుకోవచ్చు. గాలి వస్తే దానికీ మేకులు కొట్టాల్సిందే అనుకో.

తేలికమూట:
రాతి పలక మీద పడుకునేవాళ్లు ఎంతమంది అన్నా? మేకు దిగని చోట తాడును ఒక చిన్న రాయికి చుట్టి, దాని ముందు పెద్ద రాయి ఆనిస్తే సరిపోతుంది. ఇసుకలో అయితే సంచిలో ఇసుక నింపి తాడు కట్టి పాతిపెట్టొచ్చు.

రాళ్లబాట:
చీకట్లో, వానలో, రోజంతా నడిచి వచ్చాక అన్ని మూలలకూ రాళ్లు ఏరుకోమని కొత్తవాడికి చెబుతున్నావు. సరే.

గాలివాటం:
ఇద్దరూ కాస్త ఆగండి.

@కొత్తబాటసారి, నువ్వు చూసిన ఆ కిలో చిల్లర అబద్ధం కాదు. కానీ ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా తూచి రాస్తుంది. కనీస బరువు అని రాస్తే సాధారణంగా లోపలి గది, పైన కప్పే వాన గుడ్డ (ఫ్లై), కడ్డీలు ఉంటే అవి, అంతే. మేకులు, తాళ్లు, సంచులు, రిపేరు సామాను కూడా కలిపితే వచ్చేది ప్యాక్ చేసిన బరువు. రెండింటికీ మధ్య 200, 300 గ్రాముల తేడా మామూలే. ట్రెక్కింగ్ పోల్ టెంట్లకు మేకులు లెక్కలో వేయకుండా రాసే కంపెనీలు చాలా ఉన్నాయి, అసలు ఎక్కువ మేకులు కావాల్సింది వాటికే. చవక డోమ్‌లలో కొన్ని కింద పరిచే షీటు బరువు కూడా కలిపి రాసేసి, పోలికలో అనవసరంగా ఓడిపోతాయి.

అందుకే కాగితం తీసుకుని మూడింటికీ ఒకే పద్ధతిలో లెక్క వెయ్యి. నిజంగా నీ బ్యాగులోకి వెళ్లే వస్తువులు మాత్రమే కలుపు. మంచి అల్యూమినియం మేకు ఒక్కోటి 10 నుంచి 15 గ్రాములు ఉంటుంది. ఎనిమిది మేకులు, తాళ్లు, కింది షీటు వేసి చూస్తే మూడో రకం కిలోన్నర దగ్గరకు వస్తుంది. రెండో రకంలో సంచులు, అదనపు మేకులు ఇంట్లో వదిలేస్తే ఆ తేడా ఇంకా తగ్గుతుంది. వాళ్లిద్దరూ పోట్లాడుకునేంత దూరం ఈ రెండింటికీ లేదు.

ఇంకో సంగతి. క్లౌడ్ అప్ లాంటివి తమంతట తామే నిలబడతాయనుకుంటారు. పూర్తిగా కాదు. కడ్డీ తలవైపు రెండు కొమ్మలుగా చీలి, కాళ్లవైపు ఒక్కటే దిగుతుంది. కాళ్లవైపు రెండు మూలలనూ మేకులతో లాగితేనే లోపల వెడల్పు వస్తుంది. మరీ రాతి నేలైతే ఇక్కడా ఇబ్బందే, కాకపోతే మూడో రకమంత కాదు.

నా మాటగా చెప్పాలంటే, మొదటి టెంట్ అన్నీ కలుపుకుని రెండు కిలోల లోపు ఉంటే చాలు. ఒక్కడికే అయితే కిలోన్నర దగ్గరలో చూడు. అంతకంటే దిగేకొద్దీ ప్రతి వంద గ్రాములకూ ధర ఎగబాకుతుంది. అదే వంద గ్రాములు బ్యాగులో ఇంకోచోట పైసా ఖర్చు లేకుండా తగ్గుతాయి. రెండో ప్యాంటు, లావుపాటి టవల్, "ఎందుకైనా మంచిది" అని వేసుకున్నవన్నీ ఒకసారి బయటికి తీసి తూచి చూడు.

కొత్తబాటసారి:
గాలివాటం అక్కా, చాలా థ్యాంక్స్. లెక్క వేస్తాను. రాళ్లబాట అన్నా, పోల్స్ ఎప్పటినుంచో వాడుతున్నాను, దిగేటప్పుడు మోకాళ్లకు అవి లేకపోతే కష్టం. నేల ఎక్కువగా గడ్డి, అడవి మట్టి. కొన్నిచోట్ల రాళ్లు.

ఆ అంకెల సంగతి ఎవరైనా చెప్తారా? 3000 మి.మీ. రాసినది 1500 కంటే రెండింతలు మంచిదా?

సూదిదారం:
టెంట్లు, బ్యాగులు రిపేరు చేస్తుంటాను కాబట్టి ఈ ప్రశ్న నాది.

మి.మీ. అంటే నీటి స్తంభం ఎత్తు. గుడ్డ మీద గొట్టం నిలబెట్టి నీళ్లు నింపుతూ పోతే ఎంత ఎత్తు దగ్గర అవతలికి చుక్కలు వస్తాయో అదే ఆ అంకె. పైనుంచి పడే వానకు ఫ్లై 1500 ఉంటే మామూలుగా సరిపోతుంది. మంచి పేరున్న తేలిక టెంట్లలో 1200 ఉన్నవీ ఉన్నాయి. అడుగు గుడ్డ వేరు. మోకాలు ఆనించి కూర్చున్నప్పుడు తడి నేల మీద ఒత్తిడి చాలా ఎక్కువ, అక్కడ పెద్ద అంకె పనికొస్తుంది. ఫ్లైకి 3000 అని పెద్ద అక్షరాలతో రాస్తే మురిసిపోనక్కర్లేదు. అది కొత్త గుడ్డ మీద అంకె. ఎండకు, మడతలకు, రాపిడికి తగ్గుతూ పోతుంది. పైగా నేను చూసిన కారే టెంట్లలో ఎక్కువ శాతం గుడ్డలోంచి కారినవి కావు, కుట్లలోంచి కారినవి.

డి అంటే డినియర్. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డినియర్లు. 20డి అంటే తొమ్మిది కిలోమీటర్ల దారం బరువు 20 గ్రాములే. ఎంత సన్నమో చూడు. టి అంటే దారాల సంఖ్య, ఒక చదరపు అంగుళంలో నిలువూ అడ్డమూ కలిపి ఎన్ని పోగులున్నాయో చెబుతుంది. ఈ రెండూ వేర్వేరు కొలతలు కాబట్టి 20డి, 210టి పక్కపక్కన పెట్టి ఏది పెద్దదని చూడటంలో అర్థం లేదు. క్లౌడ్ అప్‌లో 210టి అని ఉన్నది పాలిస్టర్ రకం, బరువు ఎక్కువ, ధర తక్కువ. 20డి రకం నైలాన్, పైన సిలికాన్ పూత, తేలిక.

అసలు చూడాల్సింది పూత. లోపల పీయూ, అంటే పాలీయురేథేన్ పూత ఉన్న గుడ్డకు కుట్ల మీద ఫ్యాక్టరీలోనే టేప్ అతికించి పంపొచ్చు, కొన్న రోజే వానలోకి తీసుకెళ్లొచ్చు. రెండు వైపులా సిలికాన్ ఉన్న గుడ్డకు ఆ టేప్ అంటదు. అలాంటి టెంట్ తీసుకుంటే కుట్లన్నిటికీ సిలికాన్ జిగురు నువ్వే పూసుకోవాలి. బదులుగా అది తేలిక, చిరుగును బాగా తట్టుకుంటుంది. పీయూకి ఇంకో జబ్బుంది. తేమలో మడతపెట్టి దాస్తే కొన్నేళ్లకు పూత విడిపోయి జిగటగా మారి, పుల్లటి వాసన వేస్తుంది. దానికి మందు లేదు.

కొనేముందు అమ్మేవాళ్లను ఒక్క ప్రశ్న అడుగు: కుట్లు సీల్ అయి వస్తాయా, నేను చేసుకోవాలా? జవాబు తెలియకపోతే చేసుకోవాలనే అనుకో.

కొత్తబాటసారి:
ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదండీ. ఇంకొక్క సందేహం. ఒకే పొర ఉన్న టెంట్లు ఇంకా తేలికగా కనిపిస్తున్నాయి. సిక్స్ మూన్ డిజైన్స్ వాళ్ల లూనార్ సోలో ముప్పావు కిలోనే. లోపల చెమ్మ పడుతుందని అందరూ భయపెడుతున్నారు. నిజంగా అంత ఇబ్బందా?

నింగినీడ:
చెమ్మ అన్ని టెంట్లకూ పడుతుంది. రెండు పొరలున్న టెంట్ దాన్ని ఆపదు, నీకు తగలకుండా చూస్తుంది. అంతే తేడా.

రాత్రంతా నీ ఊపిరిలోంచి తేమ వస్తూనే ఉంటుంది. తడి నేల, తడి గడ్డి, విప్పేసిన సాక్సులు దానికి తోడు. మబ్బు లేని రాత్రి ఫ్లై తన వేడిని ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడుతుంది. చల్లటి నీళ్ల గ్లాసుకు బయట చుక్కలు పట్టినట్టే ఫ్లైకి లోపల పడతాయి. రెండు పొరలుంటే ఆ చుక్కలు ఫ్లైకే ఉండిపోతాయి, జారితే లోపలి జాలీ మీదుగా కిందికి పోతాయి. ఒకే పొర అయితే నీ స్లీపింగ్ బ్యాగ్ కాళ్లవైపు ఆ తడిగోడకు రాసుకుంటుంది. ఈకల బ్యాగ్ అయితే తడిసి వెచ్చదనం పోతుంది. నీది ఏ బ్యాగ్?

టెంట్ ఎంత ముఖ్యమో నువ్వు ఎంచుకునే చోటు కూడా అంతే. చల్లగాలి పల్లంలోకి జారి చేరుతుంది, కాబట్టి లోయ అడుగున, వాగు ఒడ్డున, పచ్చిక బయలు మధ్యలో తేమ ఎక్కువ. కొంచెం ఎత్తుకు వచ్చి, చెట్ల కింద వేసుకుంటే ఆకులు ఆకాశానికి అడ్డం ఉండి ఫ్లై అంతగా చల్లబడదు. ఎండుకొమ్మలు వేలాడే చెట్టు కింద మాత్రం వద్దు. పైన గాలి కిటికీ, కింద ఫ్లై అంచు రెండూ తెరిచి ఉంచాలి. చలి అని అన్నీ బిగించేస్తే పొద్దున లోపలే వాన.

ఒకే పొర టెంట్లు చెడ్డవి కావు. ఎక్కడ వేయాలో, ఎప్పుడు తుడవాలో తెలిసినవాళ్ల చేతిలో బాగుంటాయి. చిన్న గుడ్డముక్క ఒకటి దగ్గర పెట్టుకుంటారు, అంతే. నీకు మాత్రం మొదటిది రెండు పొరలదే మంచిది.

కొత్తబాటసారి:
సింథటిక్ బ్యాగే. అయినా రెండు పొరలకే ఫిక్స్ అవుతున్నాను.

చెట్టూరకుడు:
అసలు టెంట్ ఎందుకండీ? హ్యామక్ (చెట్ల మధ్య ఊయల) కట్టుకోండి, నేల గొడవే ఉండదు.

రాళ్లబాట:
చెట్లు లేని చోట ఏం కడతాం? అతను టెంట్ గురించి అడిగాడు. హ్యామక్‌కు వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కింద చలి తగలకుండా అండర్‌క్విల్ట్ కొనాలా వద్దా అని ఇంకా కొట్టుకుంటున్నారు.

గాలివాటం:
సైజు గురించి ఎవరూ చెప్పలేదు. ఇద్దరి టెంట్ అని రాస్తే ఇద్దరు పక్కపక్కన, కదలకుండా, సామాను బయట పెట్టుకుని పడుకోవచ్చని అర్థం. మామూలు మ్యాట్ వెడల్పు 51 సెం.మీ., వెడల్పు రకం 64 దాకా ఉంటుంది. ఇద్దరి టెంట్ల వెడల్పు చాలావరకు 125, 135 మధ్య. రెండు వెడల్పు మ్యాట్లు పెడితే గోడకు గోడ. కొన్నింటికి కాళ్లవైపు ఇంకా సన్నబడుతుంది, కాబట్టి ఒక్క అంకె కాకుండా రెండు వైపులా వెడల్పు చూడు.

పొడవు నీకు ఇంకా ముఖ్యం. 180 ఎత్తు అంటే 210 పొడవు సరిపోతుందనిపిస్తుంది. మ్యాట్ వల్ల నేల నుంచి కొంచెం లేస్తావు, బ్యాగ్ ఉబ్బి ఉంటుంది, గోడలు లోపలికి వాలుతాయి. ముఖం, పాదాలు రెండూ గుడ్డకు తగులుతాయి. 220 పైన, వీలైతే నిలువుగా లేచే చివరి గోడలున్నది వెతుకు. అమ్మకం పేజీలో కొలతల బొమ్మ ఉంటుంది. ఇంట్లో నేల మీద ఆ కొలతలకు టేప్ అతికించి, మ్యాట్ పరిచి, బ్యాగ్‌లో దూరి పడుకుని చూడు. తమ్ముడినీ పడుకోబెట్టు. ఇంటర్నెట్‌లో వంద రివ్యూల కంటే అది తొందరగా తేలుస్తుంది.

కూర్చుంటే తల తగలకూడదు కూడా. వానకు సాయంత్రం నాలుగింటి నుంచి లోపలే ఇరుక్కుంటే అప్పుడు తెలుస్తుంది దాని విలువ.

తేలికమూట:
అక్క చెప్పిన దాంట్లో ఒకటి కలుపుతాను. ఒక్కడివే ఎక్కువ వెళ్తావు కాబట్టి ఒక్కరి టెంట్ అనిపిస్తుంది. ట్రెక్కింగ్ పోల్ రకంలో ఒక్కరికీ ఇద్దరికీ మధ్య బరువు తేడా 200, 300 గ్రాములు, ధరలో తేడా ఇంకా తక్కువ. ఇద్దరిది తీసుకుంటే నీ బ్యాగ్ కూడా లోపలే పెట్టుకోవచ్చు. పోల్స్ రెండూ తలుపుల దగ్గర నిలబడే రకమైతే తలుపులు రెండు, వెస్టిబ్యూల్స్ (తలుపు బయట ఫ్లై కింద ఉండే చిన్న వసారాలు) రెండు.

నేల చదునుగా లేని చోట ఇద్దరి టెంట్‌కు జాగా వెతకడం కాస్త కష్టం. అది ఒప్పుకోవాలి.

నేనూకొత్తే:
మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాదీ ఇదే పరిస్థితి, బడ్జెట్ ఇంకా తక్కువ. సెకండ్ హ్యాండ్‌లో మంచి కంపెనీవి కనిపిస్తున్నాయి. ధైర్యం చేయొచ్చా?

సూదిదారం:
చేయొచ్చు. పాత టెంట్‌లో నేను చూసే వరస చెబుతాను. సంచి తెరవగానే వాసన. పుల్లటి వాసన వేస్తే అక్కడే ఆపు. వేళ్లతో గుడ్డ మడతలు విప్పు, అంటుకుని వస్తుంటే పూత పోయింది. కుట్ల మీద టేప్ తెల్లబడి లేస్తోందా చూడు. టేప్ ఒక్కటే అయితే గీకేసి మళ్లీ సీల్ చేసుకోవచ్చు, ధర తగ్గించమని అడగడానికి పనికొస్తుంది. ఫ్లైని వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే చిన్న రంధ్రాలు కనబడతాయి. రంగు బాగా వెలిసిపోయి ఉంటే ఎండలో ఎక్కువ కాలం నిలబెట్టారన్నమాట, బొటనవేళ్లతో మెల్లగా లాగి చూడు. ఎండకు దెబ్బతిన్న నైలాన్ కాగితంలా చిరుగుతుంది.

జిప్ పళ్లు వెనకాల విడిపోతుంటే భయపడొద్దు, చాలాసార్లు స్లైడర్ (జిప్ మీద జారే ముక్క) అరిగి ఉంటుంది, అంతే. ప్లయర్‌తో రెండు వైపులా కొంచెం నొక్కితే కొన్నాళ్లు నడుస్తుంది. స్లైడర్ మార్చడం పెద్ద పని కాదు. కడ్డీల లోపలి ఎలాస్టిక్ సాగిపోవడం కూడా చిన్న పనే. కడ్డీ ఫైబర్‌గ్లాస్ అయితే మాత్రం బేరం వదిలెయ్. అవి పొడవునా చీలి, చేతికి పేళ్లు గుచ్చుకుంటాయి, ఎప్పుడు విరుగుతాయో చెప్పలేం. అల్యూమినియం వంగితే గొట్టపు ముక్క తొడిగి ట్రిప్ పూర్తి చేసుకోవచ్చు. కొత్త టెంట్ అయినా ఇదే మాట. చవక డోమ్‌లు బరువెక్కడానికి ఫైబర్‌గ్లాస్ కడ్డీలు ఒక పెద్ద కారణం.

నేనూకొత్తే:
వాసన చూడాలని అస్సలు తట్టేది కాదు. థ్యాంక్యూ.

నింగినీడ:
@నేనూకొత్తే, కొనేముందు ఒక రాత్రికి ఎవరిదైనా అడిగి తీసుకోవడం, దొరికితే అద్దెకు తీసుకోవడం కూడా ఆలోచించండి. ఇరుకు నచ్చుతుందో లేదో ఒక్క రాత్రిలో తెలుస్తుంది.

కొత్తబాటసారి:
లెక్క వేశాను. మేకులు, తాళ్లు, కింద షీటు అన్నీ కలిపితే ఇద్దరి ట్రెక్కింగ్ పోల్ టెంట్‌కూ క్లౌడ్ అప్ 20డి రకానికీ తేడా నేననుకున్న దాంట్లో సగం కూడా లేదు. కానీ నేల మీద టేప్ వేసి పడుకుంటే క్లౌడ్ అప్ కొలతల్లో కాళ్లు గుడ్డకు తగిలేలా ఉన్నాయి, తమ్ముడు పక్కన చేరితే ఇంకా ఇబ్బంది. కాబట్టి పోల్ టెంట్ వైపే మొగ్గుతున్నాను. వానలో నిలబెట్టడం సంగతేంటి?

రాళ్లబాట:
టేప్ వేసి పడుకుని చూశావంటే నువ్వు బాగుపడతావు. పోల్స్ వాడతావు, నేల మట్టి. ఇక నాకు అభ్యంతరం లేదు.

వాన విషయంలో ఈ రకానికి నిజంగానే ఒక లాభం ఉంది, తేలికమూట చెప్పకముందే నేనే చెబుతాను. ఫ్లై ముందు లేస్తుంది, లోపలి గది దాని కింద తర్వాత తగిలించుకోవచ్చు. విప్పేటప్పుడు కూడా గదిని పొడిగా సర్దుకుని ఫ్లైని ఆఖరున దించొచ్చు. చాలా డోమ్‌లలో లోపలి గదే ముందు నిలబడాలి, ఫ్లై కప్పేలోపు జాలీలోంచి వాన పడుతుంది. ఏ టెంట్ కొన్నా ఈ వరస ముందే కనుక్కో.

గాలి వచ్చే వైపు తలుపు పెట్టకు. పోల్స్ ఎత్తు చూసుకో, ఈ టెంట్లకు సుమారు 115 నుంచి 125 సెం.మీ. కావాలి. మడతపెట్టే, పొడవు మారని పోల్స్ అయితే కొలత కలవకపోవచ్చు.

తేలికమూట:
చూశారా, రాళ్లబాట అన్న మారిపోయాడు.

రాళ్లబాట:
మారలేదు. ప్రశ్న మారింది.

తేలికమూట:
బడ్జెట్ ఇంకొంచెం సాగితే డర్స్టన్ ఎక్స్-మిడ్ కూడా చూడు. రెండు పోల్స్ ఐమూలగా నిలబడతాయి, ఫ్లై అంచు దీర్ఘచతురస్రం కాబట్టి నాలుగు మేకులు కొట్టి పోల్స్ లేపితే ఆకారం వచ్చేస్తుంది. కొత్తవాళ్లకు ఇంతకంటే సులువుగా నిలబడే పోల్ టెంట్ నాకు తెలీదు. గుడ్డ పాలిస్టర్. ధర మాత్రం లాన్‌షాన్ కంటే బాగా ఎక్కువ, దాచడం లేదు.

నేనూకొత్తే:
ఇంకో చిన్న డౌట్. వాన పడుతుంటే వెస్టిబ్యూల్‌లో స్టవ్ పెట్టి టీ కాచుకోవచ్చా?

గాలివాటం:
లోపల అస్సలు వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన రెండూ ఉండవు, మూసిన గుడ్డలో మనిషికి తెలియకుండానే పని కానిచ్చేస్తుంది. ఇంత పల్చటి నైలాన్ మంట తగలకముందే వేడికే కరుగుతుంది. వెస్టిబ్యూల్‌లో చేసేవాళ్లున్నారు కానీ, స్టవ్ ఎగిసినప్పుడు బయటికి వచ్చే దారి దాని మీదుగానే అని గుర్తుంచుకోండి. వాన తగ్గేదాకా ఆగండి, లేదంటే వేడి చేయక్కర్లేనిది తినండి.

కొత్తబాటసారి:
టెంట్ వచ్చింది. ఇద్దరిది, రెండు పొరలు, సిలికాన్ నైలాన్. కుట్లు సీల్ చేసి లేవు, సూదిదారం గారు చెప్పినట్టే ముందే అడిగాను కాబట్టి జిగురు కూడా తెచ్చుకున్నాను. ఎలా పూయాలి?

సూదిదారం:
గాలి ఆడే చోట ఫ్లైని బిగుతుగా నిలబెట్టు. సిలికాన్ జిగురులో మినరల్ స్పిరిట్ (రంగులు పల్చన చేసే ద్రావకం) కలిపి బ్రష్‌తో పూసేంత పల్చగా చెయ్యి. బయటి వైపు, కుట్టు రంధ్రాల్లోకి దిగేలా సన్నటి గీతలా రాసి, ఎక్కువైంది వెంటనే గుడ్డతో తుడిచెయ్. తాళ్లు కట్టే ఉంగరాల దగ్గర, శిఖరం దగ్గర కుట్లు ఎక్కువ, అక్కడ రెండోసారి రాయి. రాత్రంతా ఆరనివ్వు. జిగట మిగిలితే కొంచెం టాల్కం పౌడర్ చల్లు. సిలికాన్ గుడ్డకు సిలికాన్ జిగురే, పీయూ రకం వాడితే పొరలా ఊడొస్తుంది.

నిలబెట్టినప్పుడే ఫ్లైతో పాటు అన్ని తాళ్లూ ఒకసారి కట్టి చూసుకో. కంపెనీ ఇచ్చిన మేకులు గుండ్రటి సన్నపు పుల్లలైతే మూలలకు మాత్రం వై ఆకారం మేకులు నాలుగు తీసుకో. మెత్తటి నేలలో పట్టు చాలా తేడా ఉంటుంది. మేకును పైభాగం టెంట్‌కు దూరంగా వాలేట్టు దించాలి.

కొత్తబాటసారి:
సీల్ చేసి, పచ్చిక ఉన్న చోట రాత్రంతా నిలబెట్టి చూశాను. వాన కూడా పడింది, ఒక్క చుక్క లోపలికి రాలేదు. కానీ సాయంత్రం డప్పులా బిగించినది పొద్దునకు వదులై, మధ్యలో గుడ్డ లోపలి గది మీదకు వాలింది. మేకులు కదల్లేదు, పోల్స్ జారలేదు. గుడ్డ సాగిపోయిందా?

సూదిదారం:
పాడవలేదు. నైలాన్ నీళ్లు పీల్చుకుని సాగుతుంది, ఆరితే మళ్లీ బిగుస్తుంది. పాలిస్టర్‌కు ఈ గుణం చాలా తక్కువ, ఎక్స్-మిడ్‌లో అది వాడటానికి ఇదీ ఒక కారణం. పడుకోబోయే ముందు తాళ్లు ఇంకోసారి లాగు. రాత్రి లేచినప్పుడు పోల్‌ను లోపలినుంచే ఒకటి రెండు సెం.మీ. పెంచితే గుడ్డ మొత్తం మళ్లీ బిగుస్తుంది, బయటికి వెళ్లక్కర్లేదు. పొద్దున తడి ఫ్లైని దులిపి విడిగా సర్దు, ఆ నీళ్ల బరువూ నువ్వే మోస్తావు. మధ్యాహ్నం ఆగినప్పుడు కాసేపు ఆరేస్తే చాలు. ఇంటికొచ్చాక పూర్తిగా ఆరాకే దాచు, సంచిలో కుక్కి కాదు, వదులుగా.

తేలికమూట:
పక్క తాళ్ల చివర చిన్న ఎలాస్టిక్ ఉంగరం కట్టుకో. గుడ్డ సాగితే అది ముడుచుకుని తనే లాగి పట్టుకుంటుంది.

రాళ్లబాట:
పక్క తాళ్లకు సరే. మూలలకు కట్టకు. గట్టిగాలికి ఎలాస్టిక్ సాగి వదిలిన ప్రతిసారీ మేకు కొంచెం కొంచెం పైకి లేస్తుంది.